పంటిగాటు

ఆ ఏడు జూలై రెండో వారం వచ్చిన జట్టులో పదకొండు మంది కెమెరాలతో దిగారు, ఒకావిడ చేతికర్రతో దిగింది.

నివియాక్ భుజాన తుపాకీతో విమానం పక్కనే నిలబడి ఉంది. ఉత్తర ధ్రువానికి చేరువలోని ఈ కింగువా పర్యాటక శిబిరానికి దారంటూ ఏమీ లేదు. ఊరి నుంచి చిన్న విమానంలో రెండు గంటలు ఎగిరి, సముద్రపు ఒడ్డున గులకరాళ్లు చదును చేసిన మైదానంలో దిగాల్సిందే. దిగినవాళ్లకు దిగినట్టే ఎర్ర చలికోటు తొడిగించడం, ఎలుగుల సంగతి చెప్పడం, ఒక్కరు కూడా ఒంటరిగా గుడారాలు దాటిపోకుండా కాపు కాయడం ఆమె పని. మొన్నమొన్నటి దాకా ఆ తుపాకీ ఆమె మొగుడు ఇపీలీ భుజాన ఉండేది, ఆమె వంట చూసుకునేది. అతను పోయి రెండేళ్లయింది. యజమాని వేరే మనిషిని పెట్టుకుంటానంటే, "ఆ మనిషిని నేనే" అని చెప్పి తుపాకీ అందుకుంది.

చేతికర్ర ముసలావిడ అందరికంటే చివర దిగింది. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. జాబితాలో పేరు విన్నిఫ్రెడ్ అని ఉంది.

"చలేస్తోందా అండీ?" అని అడిగింది నివియాక్, కోటు విప్పి పట్టుకుని.

ముసలావిడ నోరు విప్పలేదు. కనుబొమలు రెండూ పైకెత్తి దించింది.

నివియాక్ కోటు తొడిగింది, మెడ దాకా గుండీలు పెట్టింది, కింద ఉన్న పెట్టె అందుకోవడానికి వంగింది. వంగినది వంగినట్టే ఆగిపోయింది. కనుబొమలెత్తి ఔననడం, ముక్కు ముడిచి కాదనడం తన వాళ్ల అలవాటు. దక్షిణం నుంచి వచ్చే తెల్లవాళ్లకు అది తెలియదు. అడిగిందే మూడుసార్లు అడిగి, జవాబు చెప్పలేదని నొచ్చుకుంటారు. ఈవిడ మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ చేస్తున్నట్టు చేసింది.

"ఏం వదినా, నడుం పట్టేసిందా?" అన్నాడు తులుగాక్. అతను ఇపీలీకి సవతి తమ్ముడు, శిబిరంలో పడవ నడుపుతాడు. "వయసైపోయిందని చెబితే వినవు. తుపాకీ నాకిచ్చి గరిటె పట్టుకో."

"నీ వంట తిన్నవాళ్లు ఇంతకంటే ఎలుగే నయమని దానికి ఎదురెళ్తారు. నోర్మూసుకుని పెట్టెలు మొయ్."

ఆ వారం తిమింగలాలు రావడం ఆలస్యమైంది. ఏటా ఈపాటికి కింగువా నది సముద్రంలో కలిసే చోట, మోకాలు దాటని నీళ్లలోకి, వందల కొద్దీ తెల్ల తిమింగలాలు వచ్చేస్తాయి. అడుగున ఉన్న గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుని, పసుపెక్కిన పాత చర్మం వదిలించుకుని పోతాయి. అతిథులు డబ్బు పోసి వచ్చేది అది చూడడానికే. ఈసారి నది నోట్లో మంచు ఇంకా కదల్లేదు. కాస్పర్ అనే కుర్ర ఫొటోగ్రాఫరు, చేతి పొడుగు కెమెరా మెడలో వేసుకుని, మొదటి రోజు మధ్యాహ్నమే మొదలెట్టాడు.

"తిమింగలాలు లేకపోతే పోనీ, ఎలుగు ఎప్పుడు కనిపిస్తుంది?"

"మూడింటికి వస్తానంది," అన్నాడు తులుగాక్ గంభీరంగా. "కాకపోతే దానికి కాస్త ఆలస్యంగా వచ్చే అలవాటు."

కాస్పర్ నిజంగానే గడియారం చూసుకున్నాడు.

ఆ సాయంత్రం భోజనాల గుడారంలో తులుగాక్ తిమింగలం చర్మం చిన్న ముక్కలుగా కోసి పళ్లెంలో పెట్టాడు, కిందటేడు వేటది. అతిథులు ఒక్కో ముక్క తీసుకుని, నవ్వుతూ, నీళ్లతో మింగారు. విన్నిఫ్రెడ్ మాత్రం కొవ్వు వైపు పంటి కింద పెట్టి నిదానంగా నమిలింది.

"బాగుందే!" అంది. "నేను ఇంతకుముందు తిన్నది కుళ్లిపోయింది."

తులుగాక్ కత్తి ఆపాడు. "మీకెక్కడ దొరికింది?"

"ఆస్పత్రికి పార్సెల్ వచ్చింది. మీ వైపు నుంచే. ఎన్ని వారాలు తిరిగి వచ్చిందో, డబ్బా తెరిస్తే వార్డంతా ఆ కంపు. పారేద్దామంటే పేషెంట్లు మంచాల మీంచి దిగి నా చేతులు పట్టుకున్నారు. ఏడుస్తూ తిన్నారు. నాకూ ఓ ముక్క పెట్టారు. నేను అప్పుడు ఇరవై ఒక్కేళ్ల పిల్లని, ఆయాగా చేరిన కొత్త."

"ఏ ఆస్పత్రి?" అనడిగింది నివియాక్. అడగకపోయినా ఆమెకు తెలుసు.

"క్షయ ఆస్పత్రి. యాభై ఏడు నుంచి నాలుగేళ్లు చేశాను."

గుడారంలో మిగతావాళ్ల మాటలు సాగుతూనే ఉన్నాయి. నివియాక్ చేతిలోని టీ కెటిల్‌ని బల్ల మీద పెట్టేసి, అంచున కూర్చుంది.

యాభై ఏడు వేసవిలో ఆస్పత్రి ఓడ ఈ తీరానికి వచ్చింది. అందరినీ పైకెక్కించి గుండెలకు ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తుల్లో మచ్చ కనపడ్డవాళ్లను మళ్లీ కిందకు దిగనివ్వలేదు. ఈ తీరం నుంచి ఆ ఏడు ఏడుగురు వెళ్లారు. తిరిగొచ్చింది ఇద్దరు. రానివాళ్లు ఎప్పుడు పోయారో, ఎక్కడ పూడ్చారో ఇంట్లోవాళ్లకు ఒక్క ముక్క రాసినవాడు లేడు. ఆ ఏడుగురిలో ఒకామె సికినిక్, నివియాక్ తల్లి. నివియాక్‌కి అప్పుడు నాలుగేళ్లు. తల్లి వీపు మీద, బిడ్డల్ని మోసేందుకు తోలుకోటు వెనక కుట్టిన పెద్ద టోపీలో కూర్చున్నట్టు గుర్తు. ఆ తోలు వాసన గుర్తు, తల్లి వెంట్రుకలు తన నోట్లోకి వచ్చేవని గుర్తు. వీపు మీద ఉన్న పిల్లకు ముఖం ఎక్కడ కనపడుతుంది? ఇంట్లో ఫొటో లేదు. పెంచిన మేనత్త, "నీలాగే ఉండేదే" అనేది. మేనత్త అందరితోనూ అదే అనేది.

విన్నిఫ్రెడ్ చేతిసంచిలోంచి ఒక కవరు తీసింది, అందులోంచి చిన్న ఫొటో. "నేనిక్కడికి వచ్చింది ఈమె కోసం. వార్డులో నాకు మొదటి స్నేహితురాలు. ఈ నదీ, ఈ తిమింగలాలూ ఈమె చెబితేనే తెలుసు నాకు. కింగువా, కింగువా అని రోజుకి పదిసార్లు అనేది."

వరండాలో వరసగా వేసిన మంచాలు. ఒక మంచం మీద దుప్పటి భుజాల దాకా కప్పుకుని ఒక పడుచు, కెమెరా వైపు చూసి నవ్వుతోంది. వెనక పెన్సిల్‌తో 'మేరీ, 58' అని ఉంది.

"మేరీ ఏంటి?" అన్నాడు తులుగాక్. "మాలో ఆ పేరెవరికీ లేదే అప్పుడు."

విన్నిఫ్రెడ్ తల దించుకుంది. "మా వార్డులో మేరీలు నలుగురు. మీ పేర్లు మాకు నోరు తిరగవని మేమే పెట్టేవాళ్లం. అసలు పేరు నాకు చాలాసార్లు చెప్పింది. గుర్తుంచుకోలేదు నేను. చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది."

నివియాక్ ఫొటో తన వైపు తిప్పుకుంది. "రేపు ఇస్తాను, ఇవాళ్టికి నా దగ్గర ఉంచుకోనా?" అంది. విన్నిఫ్రెడ్ కనుబొమలెత్తింది.

మర్నాడు అతిథులు లేవకముందే నివియాక్ తన గుడారంలో అద్దం ముందు కూర్చుంది. ఫొటోని చెంప పక్కన పెట్టుకుని, అందులోకి ఒకసారి, అద్దంలోకి ఒకసారి చూసుకుంది. తనకిప్పుడు యాభై రెండు. ఈ పిల్లకి పాతిక కూడా ఉండవు. తల్లికి తన వయసులో సగం కూడా లేదు. ఆ లెక్క ఆమెకి వింతగా తోచింది. ముక్కు తనదే అనిపించింది. గడ్డం కాదనిపించింది. వెలుతురు మార్చి చూస్తే గడ్డం కూడా తనదే అనిపించింది.

తులుగాక్ గుడ్డ తలుపు తీసి తొంగిచూశాడు. "అద్దం అరిగిపోతుంది వదినా. బయట పన్నెండు మంది టీ లేక చస్తున్నారు." ఆమె చేతిలోది చూశాక అతని గొంతు మారింది. "ఏదీ? ఆ... ముక్కు నీదే. నీదేననుకుంటా."

ఆ సాయంత్రం శిబిరపు ఫోన్లో ఇంటికి మాట్లాడే వంతు ఆమెది. ఊళ్లో కూతురింట్లో ఏడేళ్ల మనవరాలు ఉంది. పుట్టగానే ఆ పిల్లకి సికినిక్ అని పేరు పెట్టారు. ఎవరి పేరు పెడితే వాళ్లే అయిపోతారు కాబట్టి, నివియాక్ దాన్ని పుట్టినప్పటి నుంచీ అమ్మా అనే పిలుస్తుంది. అది ఈమెని కూతురా అంటుంది.

"అమ్మా," అంది నివియాక్ ఫోన్లో. "ఇక్కడ నిన్ను చూశాననుకుంటున్నా."

"నేను ఇక్కడే ఉన్నాగా కూతురా. అన్నం తిన్నావా? చెవులు కప్పుకున్నావా?"

"కప్పుకున్నా."

"అబద్ధం చెప్పకు," అని ఫోన్ పెట్టేసింది ఆ పిల్ల.

ఆ రెండు రోజులూ నివియాక్ విన్నిఫ్రెడ్‌ని వదల్లేదు. పడవలో గాలి తగలని చోటు ఆమెకి. నూనెలో వేయించిన రొట్టెలో మెత్తటి నడిమి ముక్క ఆమెకి. చేతితొడుగు కుట్టు ఊడితే జంతువు నరంతో చేసిన దారంతో కుట్టి ఇచ్చింది. "మాకు లేవా ఈ మర్యాదలు?" అని కాస్పర్ గొణిగాడు. అతనికి ఎలుగు కూడా కనపడింది, రెండు కిలోమీటర్ల దూరాన మంచు మీద పసుపు చుక్కలాగా. నాలుగు వందల ఫొటోలు తీశాడు. అన్నిట్లోనూ చుక్కే.

అడగాల్సిన మాట మాత్రం నివియాక్ అడగలేదు. ఆమె ఎలా పోయింది, పిల్లలున్నారని చెప్పిందా, ఆడపిల్లా? ప్రతిసారీ నాలుక చివరి దాకా వచ్చేది. ఏటవాలు మంచు మీద అడుగు వేసేముందు కర్రతో తట్టి చూస్తారు చూడండి, అలా ఆ మాటను తట్టి చూసి వెనక్కి తీసుకునేది. అడగనంతసేపూ ఆ ఫొటోలో ఉన్నది అమ్మే.

మూడో రోజు తులుగాక్ మిగతా అతిథులను నేల దాకా జూలు వేలాడే కస్తూరి ఎద్దులు చూపించడానికి లోపలి లోయలోకి తీసుకెళ్లాడు. విన్నిఫ్రెడ్ తుంటికి అంత నడక కాదు. నివియాక్ ఆమెని నాలుగు చక్రాల బండి మీద నది పక్క దిబ్బ ఎక్కించి, ఎలుగుతోలు పరిచి కూర్చోబెట్టింది. కింద నది నోరు తెల్లగా, మంచు పెళ్లలతో నిండి ఉంది. చుట్టూ పత్తిగడ్డి గాలికి ఒకే వైపు వాలుతోంది. నివియాక్ దుర్భిణీతో సముద్రం గాలించి, ఏమీ లేదని తేలాక ఫ్లాస్కులోంచి టీ పోసింది.

"ఇక్కడికేనా మేరీ వచ్చేది?" అంది విన్నిఫ్రెడ్.

"ఇక్కడికే. వేసవి వేసవీ అందరూ ఇక్కడే డేరాలు వేసేవాళ్లు."

"తిమింగలాలు ఎలా అరుస్తాయో చేసి చూపించేది. ఈల, కిచకిచ, తలుపు కిర్రుమన్నట్టు ఒకటి, ఆవు అరిచినట్టు ఒకటి. పెద్ద నర్సు కోప్పడేది. వార్డంతా దుప్పట్లు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లు, గట్టిగా నవ్వితే దగ్గొస్తుందని." విన్నిఫ్రెడ్ టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. "నవ్వనిది ఒక్క విషయానికే. ఆమె కుడిచేతి మీద, ఇదిగో బొటనవేలి కింద, ఒక పంటిగాటు ఉండేది. చిన్న పళ్లు. ఓడవాళ్లు పడవలోకి ఎక్కిస్తుంటే ఆమె కొడుకు పోనివ్వనని చెయ్యి కొరికి పట్టుకున్నాడట. విడిపించడానికి ఇద్దరు కావాల్సొచ్చిందట."

నివియాక్ ఫ్లాస్కు మూత బిగించింది.

"నాలుగు నెలలకి ఆ గాటు మానిపోయింది. మానిపోతుంటే ఆమె బెంగ చూడాలి! రోజూ వెలుతురులో పెట్టి చూసుకునేది. ఒకరోజు దుప్పటి మార్చడానికి వెళితే, తన చెయ్యి తనే కొరుక్కుంటోంది. సరిగ్గా అక్కడే. నేను డాక్టరుకి చెబుతానన్నాను. చెప్పొద్దని బతిమాలింది. మళ్లీ మానేది, మళ్లీ కొరుక్కునేది. పోయే దాకా ఆ గుర్తు మాననివ్వలేదు." ఆమె నివియాక్ వైపు తిరిగింది. "అస్తమానం ఇపీలీ, ఇపీలీ అనేది. మీ భాషలో ఇపీలీ అంటే కొడుకనే కదా?"

పెళ్లయిన తొమ్మిదేళ్లకు, వసంతంలో, సీలు ఊపిరికి పైకొచ్చే మంచు కన్నం దగ్గర కాపు కాస్తుండగా, ఇపీలీ ఆమెకి ఆ మాట ఒకే ఒక్కసారి చెప్పాడు. చివరిసారి అమ్మకి నేను ముద్దు పెట్టలేదు, కొరికాను, అన్నాడు. నెత్తురొచ్చిందన్నాడు. ఆ నొప్పితోనే పోయి ఉంటుంది, నా మీద కోపంతోనే పోయి ఉంటుంది అన్నాడు. ఆరేళ్లవాడివి కదా అంటే, పళ్లు ఆరేళ్లవైనా గట్టిగానే ఉన్నాయన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఎత్తలేదు. కానీ మంచి వేటాడిన రోజు, కూతురు పుట్టిన రోజు, చివరికి ఆస్పత్రి మంచం మీద కూడా, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి తన పళ్ల మీద నాలుక తిప్పుకునేవాడు. ఎందుకో నివియాక్ ఒక్కతెకే తెలుసు. తల్లుల్ని ఓడ తీసుకుపోయిన పిల్లలు కాబట్టే ఒకరికొకరు దొరికారు వాళ్లిద్దరూ. పెళ్లిలో రెండు వైపులా తల్లి కూర్చోవాల్సిన చోటు ఖాళీగా ఉంటే, రెండు ఖాళీల్నీ పక్కపక్కన పెట్టుకుని నవ్వుకున్నారు.

ఇప్పుడామె గుండెలో మొదట లేచింది ఇపీలీ కాదు. 'అయితే మా అమ్మ కాదు' అన్న మాటే లేచింది. లేచినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ తర్వాతే ఇపీలీ వచ్చాడు, రెండేళ్లు ఆలస్యంగా.

ఆమె లేచి దిబ్బ అంచుకి నడిచి, దుర్భిణీ కళ్లకు పెట్టుకుంది. అద్దాలు మసకబారాయి. తుడిచి మళ్లీ పెట్టుకుంది. మళ్లీ మసకబారాయి.

"నేనేమైనా అనకూడనిది అన్నానా?" అంది వెనక నుంచి విన్నిఫ్రెడ్.

నివియాక్ తిరిగి ముక్కు ముడిచింది, కాదని. ఎదురుగా వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. "ఇపీలీ అంటే కొడుకు కాదండీ. ఆ పిల్లాడి పేరు. నా మొగుడు."

విన్నిఫ్రెడ్ చేతిలోని టీ ఎలుగుతోలు మీద ఒలికింది. "ఉన్నాడా? శిబిరంలోనే ఉన్నాడా?"

"పోయి రెండేళ్లయింది. కాలేయం."

"మూడేళ్ల కిందట రావాలనుకున్నాను," అంది ముసలావిడ. "టికెట్టు కూడా కొన్నాను. తుంటి విరిగింది. బాగయ్యాక చూద్దాంలే, తిమింగలాలు ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను." ఆమె ఏడుపు చప్పుడు లేకుండా వచ్చింది. నివియాక్ ఆమె చేతిలోంచి కప్పు తీసి పక్కన పెట్టింది.

"ఆమె పేరు మితిక్," అంది నివియాక్. "మీరు మర్చిపోయిన పేరు."

"మితిక్," అంది విన్నిఫ్రెడ్. మళ్లీ అంది. "ఇంత చిన్న పేరా! దీనికా మాకు నోరు తిరగంది!"

గాలి మారింది. మంచు పెళ్లలు ఒకదాన్నొకటి రాసుకుని మూలుగుతున్నాయి. ఎలాగూ ఇంతదాకా వచ్చింది కదా అని నివియాక్ అడిగేసింది.

"సికినిక్ అని ఎవరైనా ఉండేవారా? మితిక్‌తోపాటు అదే ఓడలో వచ్చింది. నాలుగేళ్ల ఆడపిల్లని వదిలేసి. మీరు ఆమెని కూడా మేరీ అనే పిలిచారేమో."

విన్నిఫ్రెడ్ కళ్లు మూసుకుంది. ఒక్కో మంచం దగ్గర ఆగి చూస్తున్నట్టు ఆమె పెదవులు కదిలాయి.

"లేదమ్మా," అంది విన్నిఫ్రెడ్ కళ్లు తెరిచి. "గుర్తు రావడం లేదు. వార్డులు ఆరు ఉండేవి, నాది ఒకటి. గుర్తుందని చెప్పాలని ఎంత ఉందో నీకు తెలీదు. నీ ముఖం చూస్తే నాకు నోటి దాకా వచ్చింది. చెబితే అది అబద్ధమవుతుంది."

నివియాక్ కనుబొమలెత్తింది. ఆ జవాబుకి ఆమెకి కోపం రాలేదు. గుర్తుందని ఈవిడ అని ఉంటే, ఇందాకటి పంటిగాటు కూడా నమ్మలేకపోయేది తను.

సాయంత్రం పడవ ఒడ్డుకు లాగుతుంటే తులుగాక్‌కి చెప్పింది. అతను తడి చేతులు కోటుకి తుడుచుకుని ఫొటో అడిగి తీసుకున్నాడు. మితిక్ తన తండ్రి మొదటి భార్య. రెండో పెళ్లి చేసుకుని తనని కన్నాక కూడా, తండ్రి ఆ పేరు ఇంట్లో ఎన్నడూ పలకలేదు. తులుగాక్ ఫొటో వైపు చూసి, పైకి చూసి, మళ్లీ చూశాడు.

"గుడ్డివాళ్లమా వదినా మనిద్దరం? ఇది అన్నయ్య నవ్వు. ఎడమ పక్క పెదవి ముందు లేస్తుంది చూడు. ముప్పై ఏళ్లు ఆ మొహం పక్కనే పడుకున్నావు, పోల్చుకోలేదా?"

"నేను నా మొహం వెతుక్కుంటున్నా," అంది నివియాక్.

తులుగాక్ ఫొటో ఆమెకిచ్చి, పడవ కింద గులకరాయి ఒకటి అడ్డం పెట్టి, అక్కర్లేకపోయినా ఇంకొకటి పెట్టాడు.

ఐదో రోజు తెల్లారేసరికి మంచు లేదు. గాలి దాన్నంతా సముద్రంలోకి నెట్టేసింది. పది గంటలకి కాపలా దిబ్బ మీంచి తులుగాక్ కేక వేశాడు. అతిథులు ఫలహారం పళ్లేలు వదిలేసి పరుగు తీశారు, కాస్పర్ ఒక కాలికే బూటు వేసుకుని. నది నోటి దాకా బండి పోదు. తులుగాక్ విన్నిఫ్రెడ్ ముందు వంగి, "ఎక్కండి, నేను మా అమ్మమ్మని ఇలాగే మోసేవాణ్ని, ఆవిడ మీకంటే రెండింతలు," అని వీపు మీద ఎక్కించుకుని నడిచాడు. నివియాక్ తుపాకీతో ముందు నడిచింది.

ముందు చప్పుడే వచ్చింది. నీళ్లలోంచి ఈలలు, కిచకిచలు, తుప్పుపట్టిన తలుపు కిర్రుమన్నట్లు. తర్వాత నది నోరంతా తెల్లటి వీపులు లేచాయి. వందలు. తల్లుల పక్కన బూడిదరంగు పిల్లలు. అడుగు రాళ్లకు పొట్టలు రుద్దుకుని, పక్కకు దొర్లి, తోక ఎత్తి కొట్టి, మళ్లీ రుద్దుకుంటున్నాయి. ఒడ్డున నిలబడ్డవాళ్ల బూట్ల మీదికి నీళ్లు చిందుతున్నాయి. ఊడిన పాత చర్మం పొరలు పొరలుగా తేలి వచ్చి గులకరాళ్లకు అంటుకుంటోంది.

తులుగాక్ విన్నిఫ్రెడ్‌ని ఒక చదును రాయి మీద దించాడు. ఆమె కళ్లు మూసుకుని తల పక్కకు వంచి విన్నది. నివియాక్ పక్కనే నిలబడింది. ఆస్పత్రిలో ఒక మార్చి నెలలో మితిక్ ఎలా పోయిందో, ఆ పొద్దున చెయ్యి ఎవరు పట్టుకున్నారో, అంతా నిన్ననే విన్నది. పట్టుకున్న చెయ్యి ఈ పక్కనే ఉంది, చేతితొడుగులో.

"మేరీ... మితిక్ వీటికంటే బాగా చేసేది," అంది విన్నిఫ్రెడ్ కళ్లు తెరవకుండానే.

తులుగాక్ పెద్దగా నవ్వాడు. నివియాక్ కూడా నవ్వింది. నవ్వుతూనే, ఎక్కడో ఇంకో వార్డులో, ఇంకో వరండాలో, తన తల్లికి ఈ చప్పుళ్లు చేసి చూపడం వచ్చునో రాదో అనుకుంది. వచ్చి ఉంటే ఎవరు విన్నారో!

వారం తిరిగి విమానం వచ్చింది. ఎర్ర కోట్లు విప్పించుకుని, లెక్క చూసి మూట కట్టడం అయ్యాక, నివియాక్ ఫొటో తిరిగిచ్చేసింది. విన్నిఫ్రెడ్ దాన్ని కవరులో పెట్టి మళ్లీ ఆమె చేతిలోనే పెట్టింది. "ఇది నీది. మీ అత్తగారు." తర్వాత చిన్న పుస్తకం, పెన్సిల్ తీసింది. "మీ అమ్మ నెంబరు చెప్పు. అప్పట్లో మీవాళ్లందరి మెడలోనూ సర్కారువాళ్లు వేసిన నెంబరు బిళ్ల ఉండేది కదా. శ్మశానంలో పేర్లు లేవు, నెంబర్లే కొట్టారు కర్రల మీద. మా ఇంటి నుంచి నలభై నిమిషాలు. నాకు చేసే పనేమీ లేదు."

నివియాక్‌కి ఆ నెంబరు నోటికొచ్చు. తల్లిని గురించి ఆమెకు కచ్చితంగా తెలిసింది అదొక్కటే. ఐదు, ఆ తర్వాత ఏడు వందల ముప్పై ఒకటి. విన్నిఫ్రెడ్ రాసుకుని, చదివి వినిపించి, కింద సికినిక్ అని కూడా రాసుకుంది. అక్షరాలు ఒక్కొక్కటీ అడిగి మరీ రాసుకుంది.

సెప్టెంబరులో శిబిరం మూసి అందరూ ఊరికి వచ్చేశారు. వచ్చిన మర్నాడే నివియాక్ ఊరి వెనక మిట్ట మీదికి ఎక్కింది. అక్కడ నేల తవ్వడానికి లొంగదు. సమాధుల మీద రాళ్లు పేర్చి, తెల్ల శిలువ నిలబెడతారు. ఇపీలీ రాళ్ల పక్కన కూర్చుని కాసేపు ఆయాసం తీర్చుకుంది. ఊళ్లో వాళ్లెవరూ చూడటం లేదని చూసుకుని, బయటికే మాట్లాడింది.

"ఇదిగో, విను. మీ అమ్మకి కోపం రాలేదట. నువ్వు కొరికింది పోకుండా దాచుకుందట. మానిపోతుంటే తనే కొరుక్కునేదట, నీ గుర్తు పోతుందని. దగ్గరుండి చూసినావిడే చెప్పింది. పిచ్చివాడా, యాభై ఏళ్లు ఊరికే బాధపడ్డావు."

ఇంకా చెప్పాల్సింది ఉన్నట్టు ఆమె కూర్చునే ఉంది. తిమింగలాల సంగతి చెప్పింది. తులుగాక్ ముసలావిడని మోసిన సంగతి చెప్పింది. కూతురి పళ్లు కూడా అతనివే అని చెప్పింది. చలికి కాళ్లు తిమ్మిరెక్కాక లేచి, కోటు దులుపుకుని దిగింది.

సముద్రం గడ్డకట్టిన నెలకి ఉత్తరం వచ్చింది. విన్నిఫ్రెడ్ చేతిరాత వంకరలు తిరిగి ఉంది. నివియాక్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, వేలు పెట్టి నిదానంగా చదువుకుంది.

శ్మశానంలో మీవాళ్ల వైపు పంతొమ్మిది వరసలున్నాయి, అని రాసింది. కర్రలు చాలా మటుకు పుచ్చిపోయాయి. కొన్నిటి మీద నెంబరు వేలితో తడిమితేనే తెలుస్తుంది. మితిక్‌ది ఆరో వరసలో ఉంది, దాని మీద పేరు చెక్కిన పలక పెట్టించాను, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఫొటోలో చూసి చెప్పు. మీ అమ్మ కోసం ఇప్పటికి పదకొండు వరసలు చూశాను. ఇంకా ఎనిమిది ఉన్నాయి. నిన్న మంచు పడి అంతా కప్పేసింది. ఏప్రిల్ చివర కరుగుతుంది. కరగగానే వెళతాను.

నివియాక్ ఉత్తరం మడిచి, విప్పి, ఆ చివరి నాలుగు ముక్కలూ మళ్లీ చదివింది. తర్వాత కుర్చీ ఎక్కి గోడ మీది క్యాలెండరు దించింది. అందులో డిసెంబరు తర్వాత కాగితాలు లేవు. కొత్త ఏడాది క్యాలెండర్లు సహకార దుకాణానికి ఎప్పుడొస్తాయో కనుక్కుందామని, కోటు తొడుక్కుని బయల్దేరింది.